డెల్టా మీద కమ్మిన పొగ ఎక్కడిది? శాటిలైట్ డేటాతో మీరే తేల్చుకునే పద్ధతి

సంక్రాంతి ముందు రోజుల్లో కోనసీమలో తెల్లారేసరికి ఎదురింటి కొబ్బరిచెట్టు కూడా కనపడదు. అది మంచు. తొమ్మిదీ పదింటికల్లా విడిపోతుంది. అయితే మంచు విడిపోయాక, మధ్యాహ్నం రెండు గంటలకు కూడా ఆకాశం బూడిద కలిపిన నీళ్లలా ఉండే రోజులు కొన్ని ఉంటాయి. మబ్బు ఉండదు, అయినా గోదావరి అవతలి గట్టు మసకగానే ఉంటుంది. అలాంటి ఒక రోజున రావులపాలెం బస్టాండులో తెలిసిన రైతు ఒకాయన నన్ను అడిగారు: “మాస్టారూ, ఢిల్లీ పక్కన గడ్డి తగలబెడితే ఆ పొగ మన దాకా వచ్చేస్తుందంట, నిజమేనాండీ?” చూసి చెప్తానండీ అన్నాను. చూసి చెప్పడానికి నాకు రెండు శీతాకాలాలు పట్టింది.

అంత కాలం పట్టింది డేటా దొరక్క కాదు. డేటా అంతా ఉచితంగా, ఇంట్లో కూర్చుంటే దొరుకుతుంది. దాన్ని ఏ వరసలో చూడాలో, ఎక్కడ మోసపోతామో తెలియక పట్టింది. ఆ వరస మీకు ఇక్కడ చెబుతాను. ఇంటర్నెట్ ఉన్న కంప్యూటర్, ఒక స్ప్రెడ్‌షీట్, కొంచెం ఓపిక చాలు. కోడ్ ఒక్క చోట వస్తుంది, అది కూడా పది పదిహేను వరుసలే.

ఒక సంగతి మొదటే మనసులో పెట్టుకోండి. వాట్సాప్‌లో తిరిగే ఎర్ర చుక్కల మ్యాప్ ఒక్క రోజు ఫొటో మాత్రమే. “బయటి నుంచి వచ్చిన పొగ” అనే మాట అనాలంటే ముగ్గురు సాక్షులు కావాలి. పైనుంచి శాటిలైట్ చూసింది, గాలి నడిచి వచ్చిన దారి, నేల మీద యంత్రం కొలిచిన లెక్క. ముగ్గురూ ఒకే మాట చెప్పినప్పుడే మీరూ ఆ మాట చెప్పండి.

మొదటి పని: ప్రశ్నను చిన్నది చేసుకోండి

“గోదావరి జిల్లాల్లో కాలుష్యం పెరుగుతోందా?” అనే ప్రశ్నకు ఏ శాటిలైటూ జవాబు చెప్పలేదు. “ధవళేశ్వరం కింద ఉన్న డెల్టా మీద, జనవరి నెలలో, గాలిలో కణాల భారం 2001 నుంచి ఎటు పోతోంది?” అని అడిగితే చెబుతుంది. ప్రాంతం, నెల, పదార్థం, ఏళ్లు ఈ నాలుగూ కాగితం మీద రాసుకున్నాకే కంప్యూటర్ తెరవండి.

ప్రాంతం కోసం ఉత్తర అక్షాంశం 16.3 నుంచి 17.1 వరకు, తూర్పు రేఖాంశం 81.4 నుంచి 82.3 వరకు ఒక పెట్టె గీస్తే భీమవరం, నరసాపురం, అమలాపురం, రాజమహేంద్రవరం, కాకినాడ అన్నీ వస్తాయి. కానీ ఆ పెట్టెలో ఆగ్నేయం మూల సముద్రం. నేల మీది లెక్క, సముద్రం మీది లెక్క కలిసిపోకుండా తీరం వెంబడి గీత గీసి నేలను వేరు చేయండి. సముద్రాన్ని పారేయకండి, దానితో తర్వాత చాలా ముఖ్యమైన పని ఉంది.

సరిహద్దు అంటే ఏ సరిహద్దో కూడా రాసుకోండి. మనకు దగ్గరలోనే తెలంగాణ, ఛత్తీస్‌గఢ్, ఒడిశా ఉన్నాయి. డెల్టా నడుమ గౌతమి ఒడ్డున యానాం ఉంది, అది పుదుచ్చేరి పాలనలోది. దాని వైశాల్యం సుమారు 30 చదరపు కిలోమీటర్లు. గాలిలోని వాయువులను కొలిచే సెంటినెల్-5పీ శాటిలైట్ ఇప్పుడు చూసే ఒక్క గడి 5.5 కిలోమీటర్ల పొడవు, 3.5 కిలోమీటర్ల వెడల్పు. అంటే యానాం మొత్తం రెండు గళ్లలో ఇమిడిపోతుంది. యానాం పొగ ఎంత, పక్కనున్న మన ఊళ్ల పొగ ఎంత అని పైనుంచి విడదీయడం కుదరదు, ఆ ప్రయత్నం పెట్టుకోకండి. దేశాల సరిహద్దు అయితే గంగా మైదానంలో పాకిస్తాన్ పంజాబ్ నుంచి బంగ్లాదేశ్ దాకా ఒకే పొగ దుప్పటి కింద ఉంటాయి, దాని అంచు శీతాకాలంలో బంగాళాఖాతం మీదికి జారుతుంది. ఈ సంగతి దక్షిణాసియా ప్రభుత్వాలకు కొత్త కాదు. భారత్, పాకిస్తాన్, బంగ్లాదేశ్, నేపాల్, భూటాన్, శ్రీలంక, మాల్దీవులు, ఇరాన్ కలిసి 1998లో మాలేలో దీని మీద ఒక ప్రకటన చేశాయి. మరుసటి ఏడాది, 1999 మొదటి నెలల్లో, ఇండోఎక్స్ అనే అంతర్జాతీయ పరిశోధన మన ఉపఖండం నుంచి హిందూ మహాసముద్రం మీదికి వేల కిలోమీటర్లు సాగిన పొగమబ్బును ఓడలతో, విమానాలతో వెళ్లి కొలిచింది.

రెండో పని: ఏ పదార్థాన్ని వెంబడించాలో తేల్చుకోండి

చాలామంది ఇక్కడే తప్పు దారి పడతారు. నేనూ పడ్డాను. నైట్రోజన్ డయాక్సైడ్ (ఎన్ఓ2) మ్యాప్ చూడ్డానికి స్పష్టంగా, అందంగా ఉంటుంది కాబట్టి దానితోనే మొదలుపెట్టి, డెల్టా మీద ఏమీ పెద్దగా లేదు కాబట్టి బయటి నుంచి ఏమీ రావడం లేదని అనుకున్నాను. అది తప్పు.

ఎన్ఓ2 గాలిలో కొన్ని గంటలే బతుకుతుంది. పుట్టిన చోటికి దగ్గరలోనే కనిపించి మాయమవుతుంది. అందుకే సింగ్రౌలి, కోర్బా, తాల్చేర్ లాంటి బొగ్గు కరెంటు కేంద్రాలు ఆ మ్యాప్‌లో దీపాల్లా వెలుగుతాయి, వాటి ఎన్ఓ2 మాత్రం మన దాకా రాదు. దాన్ని స్థానికుడిగా లెక్కపెట్టండి. లారీలు, ఓడరేవు, ఫ్యాక్టరీలు, మంటలు, అంటే దగ్గరలోని పొగ గురించి చెప్పే సాక్షి అది.

కార్బన్ మోనాక్సైడ్ (సీఓ) వేరు. ఇది ఒకటి రెండు నెలలు గాలిలో ఉంటుంది, వెయ్యి కిలోమీటర్లు దాటినా గుర్తుపట్టేలా ఉంటుంది. ఏది మండినా, అంటే గడ్డి, అడవి, కట్టెలు, బొగ్గు, డీజిల్ ఏది సరిగా మండకపోయినా ఇది పుడుతుంది. దూరప్రయాణం చేసిన పొగకు ఇదే మంచి ఆనవాలు.

సల్ఫర్ డయాక్సైడ్ (ఎస్ఓ2) ఎక్కువగా బొగ్గుది. ఒకటి రెండు రోజుల్లో సల్ఫేట్ కణాలుగా మారిపోతుంది. రోజువారీ శాటిలైట్ చిత్రంలో దీని లెక్క చాలా గజిబిజిగా ఉంటుంది, ఏడాది సగటు తీస్తే తప్ప నమ్మకండి. సగటు తీస్తే మాత్రం గట్టి సంగతులు బయటపడతాయి. ఆరా శాటిలైట్ మీది ఓమీ పరికరంతో చేసిన ఒక అధ్యయనం ప్రకారం 2007కూ 2016కూ మధ్య చైనాలో ఈ వాయువు విడుదల 75 శాతం తగ్గింది, మన దేశంలో 50 శాతం పెరిగింది.

ఇక కణాలు. ఏఓడీ అనే అంకె చూడాలి. నేల నుంచి ఆకాశం దాకా నిలువుగా ఉన్న గాలి మొత్తంలో కణాలు ఎండను ఎంత అడ్డుకుంటున్నాయో అది చెబుతుంది. 0.1 ఉంటే శుభ్రమైన గాలి, 1 దగ్గరికి వస్తే దట్టమైన మసక. వానలో కడుక్కుపోయేదాకా సన్నటి కణాలు వారం దాకా గాలిలో తిరుగుతాయి. కాబట్టి బయటి పొగ కోసం సీఓ, ఏఓడీ చూడండి, ఇంటి పొగ కోసం ఎన్ఓ2 చూడండి. మొదటి రెండూ పెరిగి మూడోది మామూలుగా ఉంటే బయటి నుంచి వచ్చిందని అనుమానించడానికి కారణం దొరికినట్టే.

మూడో పని: మన గాలుల క్యాలెండర్ గోడకు అంటించండి

దీనికి కంప్యూటర్ అక్కర్లేదు. కాకినాడ, అంతర్వేది, ఓడలరేవు వైపు ఏ పడవ సరంగునైనా అడగండి, ఏ నెలలో గాలి ఎటు నుంచో చెబుతాడు. ఫిబ్రవరి నెల గడుస్తుండగా గాలి దక్షిణానికి తిరుగుతుంది. మార్చి నుంచి మే దాకా నేల దగ్గర పైరగాలిది, అంటే దక్షిణం, నైరుతి నుంచి వచ్చే గాలిది పైచేయి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా పడమర, నైరుతి. అక్టోబరులో గాలి తడబడుతుంది. నవంబరు నుంచి జనవరి దాకా ఉత్తరం, ఈశాన్యం.

ఇప్పుడు మంటల క్యాలెండర్‌ను దాని పక్కన పెట్టండి. పంజాబ్, హర్యానాలో వరి కొయ్యకాళ్లు తగలబెట్టేది అక్టోబరు మధ్య నుంచి నవంబరు మధ్య దాకా. మన సార్వా (ఖరీఫ్) కోతలు నవంబరు, డిసెంబరుల్లో, దాళ్వా (రబీ) కోతలు ఏప్రిల్‌లో, మే మొదట్లో. బస్తర్, కోరాపుట్, మన్యం అడవుల్లో మంటలు ఫిబ్రవరి నుంచి మే దాకా. మయన్మార్‌లో మార్చి ఉధృతం.

రెండు క్యాలెండర్లూ పక్కపక్కన చూస్తే సగం జవాబు అక్కడే ఉంది. మార్చిలో ఒడిశా అడవుల్లో ఎర్ర చుక్కలు ఎన్ని కనిపించినా నేల దగ్గర పైరగాలి వీస్తుంటే ఆ పొగ మన ముక్కు దాకా రావడం అరుదు. ఎత్తులో గాలి వేరే దిక్కున ఉండొచ్చు, అందుకని ఏఓడీ పెరిగినా కింద యంత్రంలో పెరగకపోవచ్చు. డిసెంబరు, జనవరుల్లో మాత్రం గంగా మైదానం పొగ బెంగాల్ మీదుగా సముద్రంలోకి దిగి, ఒడిశా తీరం వెంబడి ఈశాన్యపు గాలితో మన వైపు మళ్లడానికి దారి తెరిచి ఉంటుంది. మీ పరిశీలనకు మొదటి నెలగా జనవరిని ఎంచుకోమంటాను. సార్వా గడ్డి మంటలు అప్పటికి చాలావరకు అయిపోతాయి, గాలి ఈశాన్యానిది, మబ్బు తక్కువ. భోగి రోజును, దాని మరుసటి రోజును మాత్రం లెక్కలోంచి తీసేయండి. భోగిమంటల పొగ మన ఇంటిదే.

నాలుగో పని: కళ్లతో చూడండి

నాసా వాళ్ల వరల్డ్‌వ్యూ సైట్ తెరవండి. లాగిన్ అక్కర్లేదు. తేదీ పెట్టి డెల్టా మీదికి జూమ్ చేయండి. టెర్రా శాటిలైట్ ఏళ్లపాటు ఉదయం పదిన్నర ప్రాంతంలో, ఆక్వా మధ్యాహ్నం ఒంటిగంటన్నర ప్రాంతంలో మన మీదుగా వెళ్లేవి. వీర్స్ పరికరం ఉన్న సువోమీ ఎన్‌పీపీ, నోవా-20 ఇప్పటికీ పగలూ రాత్రీ ఒంటిగంటన్నర దగ్గరే దాటుతాయి. జనవరిలో ఉదయం చిత్రం, మధ్యాహ్నం చిత్రం రెండూ మార్చి మార్చి చూడండి. ఉదయం తెల్లగా, అంచులు స్పష్టంగా ఉండి మధ్యాహ్నానికి పోయినది మంచు. మధ్యాహ్నం కూడా బూడిదరంగులో, అంచు ఎక్కడో తెలియకుండా, కింద కాలువలు మసకగా కనిపించేలా ఉన్నది పొగ. ఒక నెల రోజులు ఇలా చూసి, ప్రతి రోజుకూ మంచు, మబ్బు, పొగ, శుభ్రం అనే నాలుగు మాటల్లో ఒకటి నోట్‌బుక్‌లో రాయండి. లెక్కల్లోకి వెళ్లే ముందు ఈ అలవాటు చేసుకుంటే తర్వాత ఏ అంకె తేడాగా ఉన్నా మీకు వెంటనే అనుమానం వస్తుంది.

ఐదో పని: మంటల లెక్క తీయండి, గ్యాస్ మంటలతో జాగ్రత్త

నాసా ఫర్మ్స్ (FIRMS) సైట్‌లో శాటిలైట్ దాటిన మూడు గంటల్లోపే మంటల చుక్కలు కనిపిస్తాయి. వీర్స్ గడి 375 మీటర్లు, టెర్రా, ఆక్వాల మీదున్న మోడిస్ పరికరం గడి ఒక కిలోమీటరు. మన చిన్న కమతాల్లో గడ్డి మంటలు పట్టుకోవడానికి వీర్సే నయం. పాత డేటా కోసం ఆర్కైవ్ పేజీలో డెల్టా పెట్టె ఇచ్చి, తేదీలు పెట్టి, మెయిల్ అడ్రస్ ఇస్తే, స్ప్రెడ్‌షీట్‌లో తెరుచుకునే సీఎస్వీ ఫైల్ లింక్ పంపిస్తారు. వీర్స్ డేటా 2012 జనవరి నుంచి ఉంది, మోడిస్ 2000 చివర నుంచి ఉంది.

మొదటిసారి ఈ ఫైల్ తెరిచినప్పుడు డెల్టాలో ఏడాది పొడవునా, నట్టనడి వానాకాలంలో కూడా, అర్ధరాత్రి ఒంటిగంటన్నరకు కూడా మంటలు కనిపించాయి. రైతులు రాత్రిళ్లు గడ్డి తగలబెడుతున్నారని రాసుకున్నాను. చుక్కలను మ్యాప్ మీద పెట్టి చూస్తే అన్నీ అవే నాలుగైదు చోట్ల, ఒకదాని మీద ఒకటి. అవి చమురు, గ్యాస్ బావుల దగ్గర వెలిగే మంటలు. కేజీ (కృష్ణా-గోదావరి) బేసిన్ మీద కూర్చున్న మనకు ఈ చిక్కు తప్పదు. రైతుల మీద లేని నింద వేయబోయాను, ఆ పేజీ కొట్టేసి మళ్లీ రాశాను.

దీన్ని తప్పించుకోవడానికి ఆర్కైవ్ ఫైల్‌లో ‘టైప్’ అనే నిలువు వరుస చూడండి. అందులో 0 అంటే చెట్టూ చేమా మంట, 2 అంటే ఒకే చోట స్థిరంగా ఉండే వేడి, 3 అంటే సముద్రం మీది మంట. 0 మాత్రమే ఉంచుకోండి. అయినా కొన్ని జారిపోతాయి, కాబట్టి ఒకే చోట మూడు నాలుగు నెలల్లో పదే పదే వచ్చే చుక్కలను చేత్తో తీసేయండి. ఇటుక బట్టీలు కూడా అలా దొరుకుతాయి.

రెండో వైపు లోపం కూడా ఉంది. సాయంత్రం ఐదింటికి అంటించిన గడ్డి రాత్రి ఒంటిగంటన్నరకు చల్లారిపోయి ఉంటుంది, శాటిలైట్ దాన్ని చూడదు. అందుచేత చుక్కలు తక్కువ ఉన్నాయంటే మంటలు తక్కువ ఉన్నాయని కాదు. మీ మండలంలో మీరు కళ్లారా చూసిన మంటలను తేదీ, సమయంతో రాసి పెట్టండి. శాటిలైట్ ఎన్నింటిని పట్టుకుందో, ఎన్నింటిని వదిలేసిందో పోల్చడానికి ఆ నోట్‌బుక్ తప్ప వేరే దారి లేదు.

ఆరో పని: నెలవారీ అంకెలు తీయండి

గూగుల్ ఎర్త్ ఇంజిన్‌లో చదువు కోసం, సొంత పరిశీలన కోసం ఖాతా ఉచితం. పైనున్న వెతికే పెట్టెలో సెంటినెల్-5పీ అని కొడితే ఎన్ఓ2, సీఓ, ఎస్ఓ2 ఒక్కోదానికి పేజీ వస్తుంది. పేజీ చివర నమూనా కోడ్ ఉంటుంది, దాన్ని ఎడిటర్‌లో తెరిచి మూడు మార్పులు చేస్తే సరిపోతుంది. మీ డెల్టా ఆకారం గీయడం, తేదీలు మార్చడం, నెలకో సగటు తీసి చార్ట్ వేయమనడం. చార్ట్ పక్కనున్న బాణం నొక్కితే సీఎస్వీ దిగుతుంది. ఎన్ఓ2, సీఓ 2018 జూన్ చివర నుంచి ఉన్నాయి. ఎన్ఓ2లో నేల నుంచి ఆకాశం దాకా ఉన్న మొత్తం కాలమ్ కాకుండా ట్రోపోస్ఫియర్ (నేలను ఆనుకున్న గాలిపొర) కాలమ్ తీసుకోండి, లేకపోతే ఎక్కడో పాతిక కిలోమీటర్ల పైనున్న వాయువు కూడా మీ ఊరి ఖాతాలో పడుతుంది.

ఏఓడీ కోసం అక్కడే మోడిస్ మాయాక్ (MAIAC) అని వెతకండి. గడి ఒక కిలోమీటరు, డేటా 2000 నుంచి. అంకెలను 0.001తో గుణించాలి, ఇది మరిచిపోతే డెల్టా మీద ఏఓడీ 400 అని వస్తుంది. రొయ్యల చెరువులు, నీళ్లు పెట్టిన వరి మడులు, బురద తీరం ఈ లెక్కను చెడగొడతాయి. పాలకొల్లు, భీమవరం వైపు చెరువులు నిండుగా ఉన్న చోట ఏఓడీ హఠాత్తుగా ఎక్కువ కనిపిస్తే దాన్ని నమ్మకండి, డేటాతో పాటు వచ్చే నాణ్యత గుర్తులను వాడి వడకట్టండి.

ప్రతి నెలకూ సగటుతో పాటు ఎన్ని రోజుల డేటా దొరికిందో కూడా మరో వరుసలో రాయండి. జులై, ఆగస్టుల్లో మబ్బుల వల్ల నెలకు రెండు మూడు రోజులే దొరుకుతాయి. ఆరు రోజులకు తక్కువున్న నెలను నేను లెక్కలోంచి తీసేస్తాను.

ఏడో పని: నాలుగు పెట్టెల పద్ధతి

ఈ మొత్తంలో నాకు అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడింది ఇదే. డెల్టా ఒక్కదాన్నే చూస్తే పొగ ఇక్కడ పుట్టిందో, నడిచి వచ్చిందో తెలియదు. అందుకని ఒడిశా తీరంలో పారాదీప్ దగ్గర ఒక పెట్టె, గోపాల్‌పూర్ దగ్గర ఒకటి, మన డెల్టా మీద ఒకటి, అంతర్వేదికి తూర్పుగా నూట యాభై కిలోమీటర్ల దూరాన సముద్రం మీద ఒకటి గీయండి. నాలుగింటికీ రోజువారీ ఏఓడీ తీసి ఒకే చార్ట్‌లో పెట్టండి. మాయాక్ డేటా నడిసముద్రం మీద ఉండదు కాబట్టి నాలుగింటికీ నాసా గియోవానీ సైట్‌లో మోడిస్ రోజువారీ ఏఓడీ వాడండి. అందులో ఒక గడి ఒక డిగ్రీ, అంటే సుమారు 110 కిలోమీటర్లు. డెల్టా అంతా ఒకటి రెండు గళ్లలోనే పడుతుంది. ఊరూరి తేడా చూడ్డానికి అది పనికిరాదు, ఈ పనికి సరిగ్గా సరిపోతుంది.

ఇప్పుడు చార్ట్ చదవండి. పారాదీప్‌లో పెరిగిన అంకె ఒకటి రెండు రోజుల తేడాతో గోపాల్‌పూర్‌లో, ఆ తర్వాత మన దగ్గర పెరిగితే పొగ తీరం వెంబడి నడిచి వచ్చినట్టు. డెల్టా ఒక్కచోటే పెరిగి పైనున్న రెండు పెట్టెలు మామూలుగా ఉంటే అది మన పొగ. నాలుగూ ఒకేసారి పెరిగితే అంత పెద్ద మబ్బు మొత్తం ప్రాంతాన్ని కప్పింది, దాన్ని ఎవరి ఖాతాలోనూ వేయకండి.

సముద్రం పెట్టె ఎందుకంటే అక్కడ బట్టీలు లేవు, పొలాలు లేవు, మిల్లులు లేవు. ఓడల పొగ కొంచెం తప్ప, శీతాకాలంలో అక్కడ కనిపించే మసక దాదాపు అంతా భూమి నుంచి వెళ్లినదే. పైగా నీటి మీద ఏఓడీ లెక్క నేల మీది లెక్క కంటే నమ్మదగినది. పాతికేళ్ల జనవరి అంకెలు సముద్రం పెట్టెకు తీసి చూడండి. సరిహద్దులు దాటే పొగ ధోరణి గురించి అంతకంటే స్పష్టంగా చెప్పే అంకె మనకు వేరే లేదు.

ఎనిమిదో పని: గాలి వచ్చిన దారి గీయండి

అమెరికా నోవా సంస్థ రెడీ (READY) అనే సైట్‌లో, గాలి దారిని లెక్కగట్టే హైస్ప్లిట్ (HYSPLIT) అనే కంప్యూటర్ నమూనాను ఎవరైనా నడపొచ్చు. బ్యాక్‌వర్డ్ ఎంచుకుని, అమలాపురం అయితే 16.58, 82.01 ఇవ్వండి. సమయం అంతర్జాతీయ సమయంలో ఇవ్వాలి, అంటే మన సమయంలోంచి ఐదున్నర గంటలు తీసేయాలి. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు 08 గంటలు అని పెట్టండి. ఎత్తులు మూడు ఇవ్వండి: 100, 500, 1500 మీటర్లు. వెనక్కి 120 గంటలు.

మూడు గీతలు వస్తాయి. మూడూ ఒకే వైపు పోతే ధైర్యంగా రాయొచ్చు. కిందిది సముద్రం వైపు, పైది ఛత్తీస్‌గఢ్ వైపు పోతే పైన వచ్చిన పొగ కిందికి దిగిందా లేదా అని నేల యంత్రమే చెప్పాలి. ఈ గీత దారంలా సన్నగా కనిపించినా దాని చుట్టూ పెద్ద అనుమానం ఉంటుంది. ప్రయాణించిన దూరంలో 15 నుంచి 30 శాతం దాకా పక్కకు తప్పొచ్చు. వెయ్యి కిలోమీటర్ల దూరంలో గీత ఫలానా ఫ్యాక్టరీ మీదుగా పోయిందని వేలెత్తి చూపడం అన్యాయం. ఒక్క రోజు గీతతో ఆగకుండా జనవరిలో పొగ అని రాసుకున్న రోజులన్నిటికీ, శుభ్రం అని రాసుకున్న రోజులన్నిటికీ వేరు వేరుగా గీయండి. రెండు కట్టల మధ్య తేడా కనిపిస్తే అది బలమైన సాక్ష్యం.

తొమ్మిదో పని: నేల మీద సరిచూడండి

శాటిలైట్ ఏ అంకె ఇచ్చినా మనం పీల్చే గాలి గురించి నేల మీది యంత్రమే చెప్పాలి. రాజమహేంద్రవరంలో ఆనం కళాకేంద్రం దగ్గర నిరంతరం కొలిచే కేంద్రం ఉంది, దాని పాత అంకెలు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో గంటగంటకూ దొరుకుతాయి. పీఎం 2.5 (గాలిలోని సన్నటి కణాలు), ఎన్ఓ2, సీఓ, గాలి దిక్కు దింపుకోండి. పీఎం 2.5కు మన దేశ ప్రమాణం ఘనమీటరు గాలికి 24 గంటల సగటు 60 మైక్రోగ్రాములు, ఏడాది సగటు 40. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించినవి 15, 5.

ఏఓడీ, పీఎం రెండూ అడుగులో అడుగు వేసి నడవవు. శీతాకాలం పొద్దున గాలి నేలకు అతుక్కుని ఉంటుంది, పొగ అంతా తక్కువ ఎత్తులో ఇరుక్కుంటుంది, యంత్రంలో అంకె పెరుగుతుంది. మధ్యాహ్నానికి గాలి పైకి కలిసిపోయి అంకె తగ్గుతుంది, శాటిలైట్ వచ్చేది సరిగ్గా అప్పుడే. కాబట్టి పోల్చేటప్పుడు యంత్రం అంకెల్లో మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడింటి దాకా ఉన్నవి వేరుగా తీయండి. ఇంకో చిట్కా కూడా ఉంది. పొద్దున ఏడింటికి, రాత్రి తొమ్మిదింటికి మాత్రమే పెరిగితే అది వంట పొగ, బండ్ల పొగ, చెత్త మంట. రోజంతా, రాత్రి మూడింటికి కూడా దిగకుండా రెండు మూడు రోజులు అలాగే ఉంటే దూరం నుంచి వచ్చిన పొగ కావచ్చు.

పదో పని: ధోరణి లెక్కకట్టండి

జనవరిని జనవరితోనే పోల్చండి. ఎనిమిదేళ్ల జనవరులు ఉంటే వాటి మధ్య 28 జతలు వస్తాయి. ప్రతి జతకూ తేడాను, మధ్యనున్న ఏళ్లతో భాగించి, ఆ 28 అంకెల్లో మధ్యది తీసుకోండి. స్ప్రెడ్‌షీట్‌లో మీడియన్ అని కొడితే చాలు. ఒక చెడ్డ ఏడాది దీన్ని లాగలేదు కాబట్టి మామూలు సగటు గీత కంటే ఇది మేలు. దీన్ని సెన్ వాలు అంటారు. 28లో పెరిగినవి ఎన్ని, తగ్గినవి ఎన్ని అని కూడా లెక్కపెట్టండి. సగానికి సగం ఉంటే ధోరణి లేదని రాయండి. ధోరణి లేదని తెలియడం కూడా ఫలితమే.

యంత్రం మారితే వచ్చే దూకుడును ధోరణి అనుకోకండి. సెంటినెల్-5పీ ఎన్ఓ2 లెక్కించే పద్ధతి 2020 చివర, 2021 మధ్యలో మారింది, ఆ చోట గీత మెట్టులా లేస్తుంది. వీలైతే మొదటి నుంచి తిరిగి లెక్కగట్టిన డేటాను వాడండి. టెర్రా, ఆక్వా శాటిలైట్లను వాటి పాత సమయంలో నిలబెట్టడం ఈ మధ్య ఆపేశారు, అప్పటి నుంచి టెర్రా రానురాను తొందరగా, ఆక్వా రానురాను ఆలస్యంగా దాటుతూ వచ్చాయి. 2020 తర్వాత మోడిస్ మంటల సంఖ్య తగ్గితే అందులో ఈ వాటా ఎంతో ఆలోచించండి. 2020 మార్చి 25న మొదలైన లాక్‌డౌన్ నెలలను వేరే రంగులో గుర్తు పెట్టండి. వాటిని తీసేసి ఒకసారి, ఉంచి ఒకసారి లెక్కకడితే మీ ధోరణి ఎంత గట్టిదో తెలుస్తుంది.

ఆ తర్వాత రాయడం. పేజీన్నర చాలు. ఏ నెల, ఏ పెట్టె, ఏ శాటిలైట్, ఎన్ని రోజుల డేటా, ముగ్గురు సాక్షుల్లో ఎందరు కలిశారు. నాలుగు పెట్టెల చార్ట్, గాలి గీతల బొమ్మ జత చేయండి. రాజమహేంద్రవరం, ఏలూరు రెండూ 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమం జాబితాలో ఉన్న ఊళ్లే, కాబట్టి ఈ కాగితం రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి, నగరపాలక సంస్థకు పంపే హక్కూ అవసరమూ రెండూ ఉన్నాయి. ఢిల్లీ చుట్టుపక్కల రాష్ట్రాలకు కలిపి 2021లో చట్టంతో ఒక కమిషన్ వచ్చింది. ఆంధ్ర, ఒడిశా తీరానికి అలాంటిది లేదు. అడగాలంటే చేతిలో అంకెలు ఉండాలి.

రావులపాలెం రైతుకు చివరికి ఇలా చెప్పాను. “జనవరి మసకలో బయటి నుంచి వచ్చినది ఉందండీ. ఒడిశా తీరం వెంట దిగి వస్తోంది. కానీ దాన్ని ఒక్క ఢిల్లీది అనలేం, దారిలో ఉన్న ఊళ్ల పొగంతా అందులో ఉంది. డిసెంబరులో మనం చూసినది మాత్రం సగం మన గడ్డిదే.” ఆయన కాసేపు ఆలోచించి, “అయితే దాళ్వా కోతలప్పుడు మన పొగ ఎటు పోతుందో అది కూడా చూడండి మాస్టారూ, అవతలోళ్లూ మనుషులే కదండీ” అన్నారు.

అది చూడ్డం కష్టం కాదు. హైస్ప్లిట్‌లో అదే పేజీలో బ్యాక్‌వర్డ్ బదులు ఫార్వర్డ్ ఎంచుకోండి. ఏప్రిల్ చివరి వారం తేదీ పెట్టండి, ఎత్తు 100, 500 మీటర్లు, ముందుకు 48 గంటలు. పైరగాలి గట్టిగా ఉన్న రోజుల్లో గీత తుని, విశాఖ మీదుగా ఒడిశా వైపు వెళుతుంది. ఆ రోజుల తేదీలను మీ మంటల నోట్‌బుక్‌లో ఆ పేజీ పక్కనే రాసుకోండి.